రిజర్వుడు సీటు

మా బావ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళు ఒకే రూటులో టిక్కెట్లు కొట్టాడు. ఆయన నోటికి జడిసి ఆ రూటులో టిక్కెట్టు లేకుండా ఎవడూ బస్సెక్కేవాడు కాదని చెప్పుకునేవాళ్ళు. అలాగని తిట్టేవాడేం కాదు. నవ్వుతూ ఒక్క మాట అనేవాడు, బస్సంతా గొల్లుమనేది, టిక్కెట్టు కొననివాడు తర్వాతి స్టాపులో తలొంచుకుని దిగిపోయేవాడు.

ఇక నేను దొరికితే ఆయనకి పండగే. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆ సంగతి అక్క పెళ్ళయిన వారానికే కనిపెట్టేశాడు. ఆఫీసులో ఎవరితోనో పోట్లాడి, రుసరుసలాడుతూ వాళ్ళింటికి వెళ్తే చాలు, "ఏమోయ్, కిటికీలు తెరువు. మీ తమ్ముడొచ్చాడు, ఆవిరి పోవాలి" అనేవాడు అక్కతో. నేను జవాబు వెతుక్కునేలోపు ఇంకోటి అంటించేవాడు. మంచి జవాబు నాకెప్పుడూ ఇంటికెళ్ళాకే తట్టేది. ఫోన్ చేసి మరీ చెప్తే, "లేటు మాట చెల్లదు బావమరిదీ. నిన్నటి టిక్కెట్టుతో ఇవాళ ప్రయాణం కుదరదు" అని పెట్టేసేవాడు. ఒళ్ళు మండిపోయేది నాకు. ఆ మంట ఇప్పుడు దొరికితే కళ్ళకద్దుకుంటాను.

అలాంటి మనిషికి కండరాలు చచ్చుబడిపోయే జబ్బొచ్చింది. మొదట టిక్కెట్ల మిషను చేతిలోంచి జారిపోవడం, తర్వాత మెట్ల మీద కాలు మడతపడటం. డాక్టరు దాచకుండా చెప్పేశాడు. చేతులు పోతాయి, కాళ్ళు పోతాయి, గొంతూ పోతుంది. బుర్ర మాత్రం నిక్షేపంగా ఉంటుంది, కళ్ళు చాలాకాలం కదుల్తాయి. ఆ రోజు అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, నువ్వు కంప్యూటర్లవాడివి. ఆయన్ని నడిపించమని అడగను. మాట మాత్రం పోనివ్వకు. మాట పోతే ఆయన బతికుండగానే పోయినట్టు."

"పూచీ నాదక్కా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

నా పని గురించి కాస్త చెప్పాలి. మా కంపెనీలో గదుల నిండా పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయి. ఒక్కోదాన్ని లోపల్లోపలే బోలెడు చిన్న కంప్యూటర్లుగా విడగొట్టి కావలసినవాళ్ళకి ఇస్తాం. వాటినే వర్చువల్ మెషిన్లంటారు. ఒకే ఇంట్లో నలభై వాటాలు వేసినట్టన్నమాట. వాటాలవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు, కానీ అందరికీ కుళాయి ఒక్కటే. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు ఎంతసేపు పట్టుకోవచ్చో తేల్చే మేస్త్రి కర్నెల్. ఆ మేస్త్రికి బుద్ధులు చెప్పేవాణ్ణి నేను.

బావకి గొంతు ఉండగానే పదిరోజులు కూర్చోబెట్టి మాటలు రికార్డు చేశాం. "ముందుకి జరగండి, ముందుకి, వెనకాలవాళ్ళు మనుషులు కాదా" దగ్గర్నుంచి అక్కని పిలిచే పిలుపు దాకా. గొంతు పోయాక మంచం ఎదురుగా తెర, దాని కింద చూపుని కనిపెట్టే చిన్న కెమెరా పెట్టాను. తెర మీద అక్షరాలుంటాయి. దేని మీద చూపు నిలిపితే అది పడుతుంది. రెండు మూడు పడేసరికి మిగతా మాటని యంత్రమే ఊహించి ముందు పెడుతుంది. చివర గంట బొమ్మ కేసి చూస్తే, వాక్యం మొత్తం ఆయన సొంత గొంతులో పలుకుతుంది. ఇంత పని ఇంట్లో ఉండే చిన్న పెట్టె వల్ల కాదు. అందుకని ఆఫీసులో అనుమతి తీసుకుని, అక్కడి పెద్ద కంప్యూటరులో బావ కోసం ఒక వాటా కట్టాను. దానికి, లెక్కలు చేసే ప్రాసెసర్లు రెండు విడిగా కేటాయించాను. ఖాళీగా పడున్నా సరే, వాటిని ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు.

ఆ సంగతి చెప్పగానే బావ కళ్ళు తెర మీద చకచకా పరుగెత్తాయి. "రిజర్వుడు సీటన్నమాట" అంది స్పీకరు, అచ్చంగా ఆయన గొంతుతో.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భోరుమంది. ఆ ఏడుపు ఇంకా పూర్తి కాలేదు, రెండో మాట వచ్చేసింది. "ఏడవకే, ఇంకా టిక్కెట్టు కొట్టలేదు." ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వేసింది. నోటితో అన్నంత వేగం కాకపోవచ్చు. కానీ ఒకళ్ళ నవ్వు చల్లారేలోపు ఆయన మాట వచ్చేది. ఆయనకి అంతే కావాలి.

ఎనిమిది నెలలు ఆ ఇంట్లో మాటకి లోటు లేదు. అక్క పగలు బట్టల దుకాణంలో పనికి వెళ్ళేది, నర్సు వచ్చి చూసుకునేది. సాయంత్రం ఆరయ్యేసరికి అక్క వచ్చేది, నేను వచ్చేవాణ్ణి, డ్యూటీ దిగి డ్రైవరు వచ్చేవాడు. పద్దెనిమిదేళ్ళు బావతో ఒకే బస్సు నడిపిన డ్రైవరు. ముగ్గురం మూడు పక్కలా కూర్చుంటే బావ మంచం మీంచి ముగ్గుర్నీ ఏడిపించేవాడు.

ఇంతలో మా ఆఫీసులో హడావుడి మొదలైంది. మా టీము పెద్దకి మేం పెట్టుకున్న పేరు పర్సెంటు గారు. మంచివాడే. కాకపోతే కాఫీ ఎలా ఉందంటే నిన్నటికంటే పది శాతం మెరుగనే రకం. ఉన్న యంత్రాలతోనే ఇంకా ఎక్కువ పని లాగాలని ఆయనకి పైనుంచి ఒత్తిడొచ్చింది, ఆయన నాకు చెప్పాడు. నాలుగు నెలలు తిండీ తిప్పలూ మాని కర్నెల్‌తో కుస్తీ పట్టాను. నా ఆలోచన ఇది: పని మొదలెట్టాక, మధ్యలో ఎవరు తలుపు కొట్టినా కర్నెల్ లేవకూడదు. చిన్న చిన్న పిలుపుల్ని పోగుచేసి అన్నిటికీ ఒక్కసారే పలకాలి. మాటిమాటికీ లేచి కూర్చోవడంలో పోయే సమయమంతా మిగిలిపోతుంది.

దీన్నంతా బావ దగ్గర ఏకరువు పెట్టాను.

"అంటే బండి నిండేదాకా బెల్లు కొట్టవన్నమాట" అన్నాడు.

"అదే బావా! ట్రిప్పుకి ఎక్కువమంది వెళ్తారు కదా."

"మరి తర్వాతి స్టాపులో ఎండలో నిలబడ్డవాడు?"

"వాడూ వెళ్తాడు. కాస్త ఆగుతాడు, అంతే."

"నేనలా ఎప్పుడూ ఆపలేదోయ్. ఈ డ్రైవరు గొణిగినా సరే, టైముకి బెల్లు కొట్టేవాణ్ణి."

నేను నవ్వి ఊరుకున్నాను. కండక్టరుకి కర్నెల్ గురించి ఏం తెలుసులే అనుకున్నాను. మా ఆఫీసు మొత్తం మీద ఎవరికీ తెలియంది ఆయనకే తెలుసని ఇప్పుడు అర్థమౌతోంది, ఏం లాభం.

మార్పులు పెడితే పని పదమూడు శాతం పెరిగింది. పర్సెంటు గారు ఉబ్బి తబ్బిబ్బైపోయాడు. అన్ని యంత్రాల్లోనూ పెట్టే ముందు పట్టిక చూస్తూ ఒక్కచోట ఆగాడు. "మీ బావగారి రెండు ప్రాసెసర్లు రోజులో చాలాసేపు ఖాళీగా ఉంటున్నాయి. ఆ ఒక్క యంత్రం వెనకబడినట్టు కనిపిస్తోంది. నీ ఇష్టమయ్యా, నేను తీసెయ్యమనడం లేదు" అన్నాడు.

నిజంగా నా ఇష్టమే. ఈ పాపం ఇంకొకళ్ళ మీదకి తొయ్యను. ఆ పొద్దున పదకొండింటికి కూర్చుని కొలిచాను. బావ చూపుకి తెర పలకడానికి, సెకనులో వెయ్యో వంతుల లెక్కన, సగటున నలభై పట్టేది. రిజర్వుడు సీటు తీసేసి కొలిస్తే ముప్పై వచ్చింది. తగ్గింది! ఇంకేం కావాలి? తీసేశాను. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలో నేనే చెప్తాను, సగటు చూసి మురిసిపోకండర్రా, అన్నిటికంటే చెడ్డ క్షణం ఎంత చెడ్డదో చూడండి అని. నా సొంత గ్రాఫు దగ్గరకొచ్చేసరికి నేనే మురిసిపోయాను.

వారం తిరగలేదు. ఒక సాయంత్రం డ్రైవరు వచ్చి కొత్త కండక్టరు కథ ఎత్తుకున్నాడు. ఆ మహానుభావుడు స్టాపులో కిందికి దిగి, అందర్నీ ఎక్కించి, బస్సు ఒళ్ళు చరిచి పోనిమ్మన్నాడట. తను ఎక్కడం మర్చిపోయాడు. కండక్టరు లేకుండానే బండి మూడు స్టాపులు పోయింది. మేం పడీ పడీ నవ్వాం. బావ కళ్ళు తెర మీద తిరుగుతూనే ఉన్నాయి, మాట రావడం లేదు. నవ్వులయిపోయాయి. డ్రైవరు గొంతు తగ్గించి, "మా అమ్మ పోయి రేపటికి నెల చెల్లెమ్మా. ఇల్లంతా బోసిపోయింది" అన్నాడు అక్కతో.

సరిగ్గా అప్పుడు స్పీకరు పలికింది. "పోనీలే, బండి బరువు తగ్గింది."

డ్రైవరు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పొద్దున్నే డ్యూటీ ఉంది" అని లేచాడు. బావ కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోవడానికి ఆయనకి చేతులు లేచేవి కావు, అక్క తుడిచింది. ఆ మాట కొత్త కండక్టరు మీద వేసిందని నాకు తెలుసు, డ్రైవరుకీ తెలుసు. తెలిసినా గుచ్చుకుంది. జబ్బు ముదురుతోంది, అక్షరాలు ఏరుకోలేకపోతున్నాడు పాపం అనుకున్నాం అందరం. యంత్రం మీద నాకు అనుమానమే రాలేదు. నేను చేసిన యంత్రం కదా మరి!

మర్నాడే ఆఫీసులో నాకు సన్మానం. అందరి ముందూ చప్పట్లు కొట్టి ఒక గాజు జ్ఞాపిక చేతిలో పెట్టారు. దాన్ని చంకలో పెట్టుకుని తిన్నగా బావ దగ్గరికి పోయాను. ఆయన జ్ఞాపికని చూశాడు, నన్ను చూశాడు. కాసేపటికి, "బండి లేటుగా నడుస్తోంది" అన్నాడు.

"ఏ బండి బావా?"

"నీదే."

నాకు చుర్రుమంది. నాలుగు నెలల కష్టం, అప్పుడే కొట్టించుకొచ్చిన చప్పట్లు. నోరు పారేసుకున్నాను. "లేటేంటి బావా? ఇదివరకటికంటే స్పీడు పెంచాను! ఊరికే అనడం కాదు, చూడు" అని ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫు ఆయన మొహం ముందు పెట్టాను. నలభై, ముప్పై. "కావాలంటే లెక్క నువ్వే చూసుకో" అని కూడా అన్నాను. మంచం మీంచి తల తిప్పలేని మనిషితో.

ఆయన ఆ గీతల కేసి చాలాసేపు చూశాడు. చివరికి "సరే" అన్నాడు. ఆ సరే వచ్చేసరికి నేను అవతల అక్కకి జ్ఞాపిక చూపిస్తున్నాను.

ఆ తర్వాత బావ మాట తగ్గిపోయింది. సాయంత్రాలు మేం చుట్టూ కూర్చునేవాళ్ళం, ఆయన కళ్ళు మూసుకునేవాడు. అడిగితే అవును, కాదు. డ్రైవరు రావడం వారానికి ఒకసారైంది. నేనూ ఏదో ఒక వంక పెట్టుకుని పెందరాళే లేచిపోయేవాణ్ణి. ఒక రోజు అక్క గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

"నిన్న అడిగేశానురా, నేనంటే విసుగొచ్చిందా అని. ఎంతసేపు నిలబడ్డానో. అలా తెర కేసి చూస్తాడే గానీ ఒక్క మాట అనడు. ఇక నావల్ల కాక వంటింట్లోకి పోయాను."

"జబ్బక్కా. ఆయన తప్పు కాదు" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

మూడో నెలలో నెమ్ము చేసి బావ పోయాడు. ఆఖరి పదకొండు రోజులూ సాయంత్రం పూట ఆయన నోట, నోటనే అంటాను, ఒక్క మాట రాలేదు.

నెల దాటాక డ్రైవరు అక్క ఇంటికి వచ్చాడు. డిపోలో బావ పెట్టెలో మిగిలిపోయిన విజిలు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను. మాటల్లో మాటగా అన్నాడు.

"ఆ గొడవయ్యాక నా మనసు ఊరుకోక, సెలవు పెట్టి ఒక రోజు పొద్దున పూట వచ్చాను చెల్లెమ్మా. నువ్వు దుకాణానికి వెళ్ళావు. అబ్బో, గంటసేపు నన్ను కడుపుబ్బ నవ్వించాడు! మా అమ్మ సంగతికి క్షమించమన్నాడు. సరే బాగున్నాడులే అని మర్నాడు సాయంత్రం వస్తే మళ్ళీ మూగనోము. సాయంత్రానికి అలిసిపోయేవాడు కాబోలు."

"అవునన్నయ్యా. నా సెలవు రోజున కూడా అంతే. పొద్దున కాస్త మాట్లాడేవారు, పొద్దు వాలితే చాలు, నోరు కట్టేసినట్టు" అంది అక్క.

సాయంత్రం. అయిదు దాటితే మా యంత్రాల్లో తొక్కిసలాట. ఆఫీసులు మూసే వేళకి, ఆ రోజు రికార్డులన్నీ భద్రం చేసే పని నలభై వాటాల్లోనూ ఒకేసారి మొదలౌతుంది. నేను కొలిచింది పొద్దున పదకొండింటికి.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి బావ వాటా తెరిచాను. అందులో ప్రతి చూపుకీ రెండు సమయాలు రాసుంటాయి. అక్షరం మీద ఆయన చూపు పడిన క్షణం, యంత్రం దానికి పలికిన క్షణం. పగలంతా రెంటికీ తేడా ముప్పై, ముప్పై, ఇరవై ఎనిమిది. సాయంత్రం ఆరు దాటాక ముప్పై, ముప్పై అయిదు, ముప్పై, ఉన్నట్టుండి పద్దెనిమిది వందలు. మళ్ళీ ముప్పై, ముప్పై, రెండు వేల మూడొందలు. అంటే తెర రెండు సెకన్లు బిగుసుకుపోయి, ఒక్కసారిగా ఉరికి, ఆయన చూడని అక్షరాన్ని పడేసేది. ఆయన చెరిపేవాడు. మళ్ళీ మొదలెట్టేవాడు. మళ్ళీ బిగుసుకునేది. నా కర్నెల్ తలుపు మూసుకుని, ఎవరిదో పాత రికార్డు దాచుకుంటోంది. మా బావ బయట ఎండలో నిలబడ్డాడు. రోజు మొత్తం మీద ఆయన వేసే వేల చూపుల్లో ఈ చెడ్డ క్షణాలు కొన్నే, అన్నీ కలిపినా సగటు నలభై దాటలేదు. నా గ్రాఫు అబద్ధం చెప్పలేదు. అదే నన్ను తినేస్తోంది.

చెరిపేసిన మాటలు కూడా అందులో ఉన్నాయి. అక్క విసుగొచ్చిందా అని అడిగిన సాయంత్రం, మూడుసార్లు తప్పుపడి నాలుగోసారికి పూర్తయిన వాక్యం ఒకటుంది. "నీ మీద విసుగేంటే పిచ్చిదానా." గంట బొమ్మ దాకా వెళ్ళి, చూడకుండా వెనక్కొచ్చి మొత్తం చెరిపేశాడు. అప్పటికి అక్క గదిలో లేదు. నిన్నటి టిక్కెట్టు చెల్లదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

నేను గ్రాఫు చూపించిన రోజు, ఆ "సరే" తర్వాత ఆయన రాసి చెరిపేసింది: "లెక్క తప్పదులే. నా కళ్ళే మందగించినట్టున్నాయి."

ఆఖరిది ఆయన పోవడానికి పన్నెండు రోజుల ముందుది. అక్క కోసం రాసుకున్నాడు. "కళ్ళు కూడా పోతున్నాయే. మీ తమ్ముడికి చెప్పకు. ఇంత చేశాడు, బాధపడతాడు."

పర్సెంటు గారు వచ్చి ఏమైందయ్యా అన్నాడు. తెర ఆయన వైపు తిప్పాను. ఆయన చదివి, భుజం మీద చెయ్యి వేసి, ఏ శాతమూ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

అక్కకి చెప్పకుండా ఉండొచ్చు. దారి పొడుగునా అదే ఆలోచన. చెప్పకపోతే జబ్బు మీదకి పోతుంది, నేను మంచి తమ్ముణ్ణిగానే ఉంటాను. కానీ ఆయన తన మీద విసుగుతోనే పోయాడనుకుంటూ ఆవిడ బతుకుతుంది. ఆ బరువు ఆవిడది కాదు. వెళ్ళి గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా మొత్తం చెప్పేశాను. సీటు తీసేసింది నేనని, లేటని ఆయన చెప్తే నోరు మూయించింది నేనని. చెరిపేసిన మాటలు కాగితం మీద రాసి తెచ్చాను, చేతికిచ్చాను.

ఆవిడ చదివింది. పిచ్చిదానా అన్నచోట వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"అయితే ఆయన కళ్ళు?" అంది.

"బాగానే ఉన్నాయక్కా. ఆఖరి సాయంత్రం లెక్క కూడా చూశాను. చూపు ఎక్కడా ఆలస్యం కాలేదు."

"ఆయనకి తెలీదు కదరా."

"తెలీదు."

"కళ్ళు కూడా పోతున్నాయనుకుంటూనే పోయారు."

ఆ రోజు ఆవిడ చెయ్యి పట్టుకుంటే, పూచీ నాదని చెప్పినవాణ్ణి నేనే.

అక్క లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీ. తెర ఇంకా అక్కడే ఉంది, తీయించడానికి మనసొప్పలేదట. మంచం పక్కన తను రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. నేను గుమ్మం దాటి లోపలికి పోలేకపోయాను.

"మీ కళ్ళకేం కాలేదండీ" అంది, ఎదురుగా మనిషున్నట్టే. "బండే లేటు."

తర్వాత ఆ తెర మీది దుమ్ము చేత్తో తుడిచింది.